ఆపద వేళ చేతికందే పెట్టె
బడిలోనూ, పనిచోటా ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పాము కరిచిన పిల్లవాణ్ణి, రైసు మిల్లు బెల్టులో చెయ్యి ఇరుక్కున్న కూలీని, వేడి సాంబారు కాళ్ళ మీద ఒలికిన చిన్నారిని మా క్యాజువాల్టీలోకి తీసుకొని వచ్చేసరికి అరగంటో, గంటో గడచిపోయి ఉంటుంది. ఆ గంటలో వారి దగ్గర డాక్టరు లేడు, నర్సు లేదు. ఉన్నది ఒక టీచరమ్మ, ఒక మేస్త్రీ, ఒక ఆయా, ఒక వాచ్‌మన్. వారు చేసిన మంచి పని వలన బ్రతికి బయటపడినవారిని మేము చూశాము. మంచి మనసుతోనే చేసిన పొరపాటు వలన ఎక్కువ బాధపడినవారిని కూడా చూశాము. కాలిన చోట టూత్‌పేస్టు పూసుకొని వచ్చేవారు, పాము కరిచిన కాలికి రక్తం ఆడకుండా తాడు బిగించుకొని వచ్చేవారు ఈనాటికీ తగ్గలేదు.

మన రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అది ఎందరి ప్రాణాలనో నిలిపింది. అయితే ఎంత మంచి అంబులెన్సు అయినా రోడ్డు మీద ప్రయాణం చేసే రావాలి. చెట్లు కూలి దారి మూసుకొనిపోయినా, వరదనీరు రోడ్డెక్కినా అది రాలేదు. సహాయం వచ్చేవరకు మన చేతిలో ఉన్నవాటితోనే మనము నిలబడాలి. అందుచేత ఈ సంచికలో బడులు, హాస్టళ్ళు, మిల్లులు, దుకాణాలు, ఆఫీసులు ముందుగా సిద్ధం చేసుకోవలసిన ఆపత్కాల పెట్టెను గురించి తెలుసుకొందాము.

మనము చూసిన ఆపదలు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన సుమారు పది వేల మందిని బలిగొన్నది. ఆ దినాలలో తుఫాను కబురు ఊరూరికి సరిగా చేరలేదు. ఇప్పుడు కబురు నాలుగైదు రోజుల ముందే వస్తున్నది. గనుక మనుషుల ప్రాణాలు చాలావరకు దక్కుతున్నాయి. కాని ఆ తరువాతి రోజులు ఇప్పటికీ కష్టమైనవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. అంత పెద్ద నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, తాగునీరు దొరకడమే గగనమైంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను ముంచినప్పుడు వేలాది కుటుంబాలు మేడల మీద, పై అంతస్తులలో చిక్కుకొని, అన్నానికీ మంచినీళ్ళకూ ఎదురుచూశాయి.

గాలీవానా మాత్రమే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నుండి స్టైరీన్ వాయువు లీకై 12 మంది మరణించారు. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించగా, హైదరాబాదులో, విజయవాడలో కూడా జనం ఇళ్ళలో నుండి బయటికి పరుగెత్తారు.

ఇందులో ఒక సంగతి గమనించండి. హుద్‌హుద్ వచ్చింది ఆదివారం. బుడమేరు పొంగినదీ ఆదివారమే. గ్యాసు లీకైనది అందరూ నిద్రలో ఉన్న వేళ, అదీ లాక్‌డౌన్ దినాలలో. ములుగులో భూమి కంపించినది ఉదయం ఏడున్నర గంటలకు ముందు, ఇంకా బడి గంట కొట్టకముందు. ఈ నాలుగు సందర్భాలలోనూ తరగతి గదులలో పిల్లలు లేరు. ప్రతిసారీ అలాగే జరుగుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

2004 జులై 16న, ఒక శుక్రవారం ఉదయం, తమిళనాడులోని కుంభకోణంలో బడి వేళలోనే నిప్పంటుకొన్నది. వంటశాలలో పుట్టిన మంట ఆకుల కప్పుకు పాకింది. 94 మంది చిన్నారులు చనిపోయారు. ఆ దుర్ఘటన తరువాత వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, దేశంలోని ప్రతి బడిలోను మంటలనార్పే పరికరాలు ఉండాలని, సిబ్బందికి వాటిని వాడే శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. మీ పిల్లలు చదివే బడిలో ఆ ఎర్రని సిలిండరు ఎక్కడ ఉన్నదో మీకు తెలుసా? అందులో ఒత్తిడి చూపించే ముల్లు ఆకుపచ్చ గీతలోనే ఉన్నదా?

ఒకటి కాదు, రెండు

ఆపత్కాల పెట్టె అనగానే చాలామంది ప్రథమ చికిత్స పెట్టెను మాత్రమే తలంచుకొంటారు. నిజానికి రెండు వేరు వేరు అవసరాలు ఉన్నాయి.

మొదటిది ప్రథమ చికిత్స పెట్టె. తెగిన వేలు, పగిలిన మోకాలు, కాలిన చెయ్యి వంటి ప్రతిదిన ప్రమాదాల కొరకు ఇది ఉండాలి.

రెండవది ఆపత్కాల సంచి. అందరూ ఒక్కసారిగా బయటికి పోవలసి వచ్చినా, లేదా బయటికి పోలేక లోపలే ఉండిపోవలసి వచ్చినా ఇది పనికివస్తుంది.

మొదటిదానిలో గాయానికి కావలసినవి ఉంటాయి. రెండవదానిలో మనిషికి కావలసినవి ఉంటాయి. రెండింటినీ ఒకే డబ్బాలో కుక్కితే అవసరానికి ఏదీ దొరకదు.

ప్రథమ చికిత్స పెట్టెలో ఉండవలసినవి

సుమారు వంద మంది ఉండే బడికి గాని, పనిచోటుకు గాని మేము సూచించే లెక్క ఇది.

1. విడివిడిగా సీలు చేసిన శుభ్రమైన గాజ్ గుడ్డ ముక్కలు – 20
2. చుట్టే కట్లు, అనగా రోలర్ బ్యాండేజీలు – వెడల్పువి 6, సన్నవి 6
3. మూడు మూలల గుడ్డలు – 4. విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికి. ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీరను చదరంగా కోసి, ఐమూలగా కత్తిరిస్తే రెండు గుడ్డలు వస్తాయి.
4. బెణుకులకు క్రేప్ బ్యాండేజీలు – 2
5. అంటించే ప్లాస్టరు చుట్ట ఒకటి, చిన్న ప్లాస్టర్లు – 50
6. వాడి పారవేసే చేతి తొడుగులు – 10 జతలు
7. సబ్బు, పోవిడోన్ అయొడిన్ మందు సీసా ఒకటి
8. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు – 20, లీటరు గుర్తు ఉన్న సీసా ఒకటి
9. మొండి కొన గల కత్తెర, ముళ్ళు తీసే పట్టకారు, పిన్నీసులు
10. డిజిటల్ థర్మామీటరు
11. మూరెడు పొడవున్న చెక్క బద్దలు – 4
12. టార్చిలైటు. బ్యాటరీలను లోపల వేయకుండా పక్కన ఒక కవరులో ఉంచండి. నెలల తరబడి లోపలే ఉంటే అవి కారిపోయి టార్చి పాడవుతుంది.
13. చిన్న పుస్తకం, పెన్సిలు. ఎవరికి, ఎప్పుడు, ఏమి జరిగినది, ఏమి చేశారు అన్నది వ్రాసి ఆసుపత్రికి పంపితే డాక్టరుకు ఎంతో మేలు.

ఓ.ఆర్.ఎస్. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉన్నదో లేదో చూడండి. లీటరు నీటికి కలిపే పొట్లం 20.5 గ్రాములు ఉంటుంది. రంగురంగుల అట్టపెట్టెలలో అమ్మే తియ్యటి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. ఆ సూత్రానికి సరిపోని పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. పొట్లం దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం గనుక కొలత తప్పవద్దు.

పెట్టెలో ఉండకూడనివి

ఒకరికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు, పేరు చెరిగిపోయిన సీసాలు, గడువు దాటిన మందులు, సూదిమందులు పెట్టెలో ఉండకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు గనుక బడి పెట్టెలో దానిని ఉంచవద్దు. పారాసిటమాల్ ఉంచుకోవచ్చు. కాని మోతాదు పిల్లవాని బరువును బట్టి మారుతుంది. గనుక డాక్టరు వ్రాసి ఇచ్చిన మోతాదు చీటీని మూతకు అంటించి, తల్లిదండ్రుల అనుమతి తీసుకొన్న తరువాతే ఇవ్వాలి.

పెట్టె మీద ఎర్రని క్రాసు గుర్తు వేయించడం మన ఊళ్ళలో అలవాటు. ఆ గుర్తును అనుమతి లేకుండా వాడడం 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం తప్పు. అది యుద్ధకాలంలో గాయపడినవారికి, వారికి సేవ చేసేవారికి రక్షణనిచ్చే గుర్తు. దానికి బదులు ఆకుపచ్చ రంగు మీద తెల్లని క్రాసు వేయించండి. దూరం నుండి కూడా చక్కగా కనిపిస్తుంది.

తరగతి సంచి

ప్రతి తరగతి గదిలో తలుపు ప్రక్కన మేకుకు తగిలించిన ఒక సంచి ఉండాలి. ఖరీదైనది అక్కరలేదు. పిల్లలు వాడి విడిచిన పుస్తకాల సంచి చాలును. మంట గాని, భూకంపం గాని వచ్చి పిల్లలను మైదానంలోకి నడిపించుకొనిపోయేటప్పుడు టీచరు ఆ సంచి భుజాన వేసుకొని వెళ్ళాలి. అందులో ఏముండాలి?

మొదటగా హాజరు పట్టీ. ఇది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా లాభం లేదు. బయటికి వచ్చినది ఎందరో, లోపల మిగిలినది ఎవరో పేరు పేరునా పిలిచి తెలుసుకోవడానికి అదొక్కటే ఆధారం. ఉదయం హాజరు తీసిన వెంటనే పట్టీని ఆఫీసుకు పంపివేసే బడులలో ఒక నకలు సంచిలో ఉంచండి. ఆ రోజు రాని పిల్లల పేర్లు పలక మీదనైనా వ్రాసి ఉంచండి. ఇంటి దగ్గర క్షేమంగా ఉన్న పిల్లవాని కొరకు మంటలలో వెదికే ప్రమాదం తప్పుతుంది.

రెండవది తల్లిదండ్రుల ఫోను నంబర్లు, కాగితం మీద వ్రాసినవి. టీచరు సెల్‌ఫోనులో ఉన్నాయిలే అనుకోవద్దు. చార్జింగు అయిపోయిన సెల్‌ఫోను గుర్తుంచుకొన్న నంబర్లు ఎవరికీ పనికిరావు. ఒక్కొక్క బిడ్డకు రెండు నంబర్లు, వీలైతే వేరే ఊళ్ళో ఉన్న మేనమామదో, పెద్దమ్మదో మూడవ నంబరు వ్రాయండి. ఊరంతా ఫోన్లు పనిచేయనప్పుడు బయటి ఊరి బంధువే రెండు వైపులా కబురు చేరవేయగలడు.

మూడవది ప్రత్యేకమైన అవసరం ఉన్న పిల్లల చీటీలు. ఉబ్బసం ఉన్న పాపకు ఇన్‌హేలరు, మూర్ఛ ఉన్న బాబు వేసుకొనే మాత్ర, షుగరు ఉన్న బిడ్డకు ఇన్సులిను వేళలు, నడవలేని బిడ్డను ఎత్తుకొని తీసుకుపోవలసిన ఇద్దరి పేర్లు ఆ చీటీలో ఉండాలి. ఏ బిడ్డను ఎవరికి అప్పగించవచ్చో కూడా వ్రాసి, అప్పగించినప్పుడు సంతకం తీసుకోవాలి. గందరగోళంలో ఎవరో వచ్చి 'నేను బాబాయిని' అంటే పంపివేయకూడదు.

ఇవి గాక ఈల ఒకటి, టార్చి, మూడు లీటర్ల నీళ్ళు, గ్లాసులు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు, పాత దుప్పటి, కొన్ని కట్లు. పెద్ద ఆడపిల్లలు చదివే తరగతిలో శానిటరీ ప్యాడ్లు తప్పనిసరిగా ఉంచండి. పునరావాస శిబిరాలలో ఆడపిల్లలు నోరు తెరచి అడగలేక పడే ఇబ్బంది మా నర్సులకు బాగా తెలుసు. అడగవలసిన అవసరం లేకుండా ముందే ఉంచడం పెద్దల పని.

నీళ్ళ లెక్క

తుఫానులో గాని, వరదలో గాని పిల్లలు ఒక రాత్రి బడిలోనే ఉండిపోవలసి వస్తే? తీరప్రాంతంలో బడులు, చర్చి భవనాలు, కల్యాణ మండపాలు చుట్టుప్రక్కలవారికి తలదాచుకొనే చోట్లు కూడా అవుతాయి. మన వాతావరణంలో తాగడానికి, కాస్త వంటకు కలిపి మనిషికి రోజుకు మూడు లీటర్లు అనుకొందాము. రెండు వందల మంది పిల్లలు, పది మంది సిబ్బంది ఉంటే రోజుకు 630 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లయితే 32 కావాలి. ఇన్ని క్యాన్లు కొని దాచడం ఏ బడికైనా భారమే. కాని మీ మేడ మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఉంటే, తుఫాను హెచ్చరిక వినగానే, కరెంటు పోకముందే దానిని కడిగి నింపి, మూత గట్టిగా బిగించి, తాడుతో కట్టివేయండి. అంతటితో ఒక రోజు నీరు సిద్ధమైనట్లే.

ఆ నీటిని తాగడానికి క్లోరిన్ బిళ్ళలు వాడండి. ఒక్కొక్క రకం బిళ్ళ ఒక్కొక్క కొలతకు పనిచేస్తుంది గనుక పొట్లం మీద ఉన్నట్లే వేయాలి. వేసిన తరువాత అరగంట ఆగాలి. నీరు మడ్డిగా ఉంటే ముందుగా తేర్చి, నాలుగు మడతల నూలు గుడ్డతో వడకట్టాలి. మడ్డి నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు.

ఆహారానికి అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశెనగ ఉండలు, బిస్కెట్లు మంచివి. పొయ్యి వెలిగించవలసిన పని లేదు. గాలి చొరని డబ్బాలలో ఉంచి, రెండు నెలలకొకసారి పిల్లలకు పంచిపెట్టి క్రొత్తవి నింపండి. అప్పుడు ఏదీ వృథా కాదు. పురుగు పట్టిన అటుకుల డబ్బా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో ఒకటి ఉంచండి. టీవీ, సెల్‌ఫోను ఆగిపోయినా దూరపు ఆకాశవాణి కేంద్రం వినవచ్చు. గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తెరిపిచ్చినంత మాత్రాన తుఫాను వెళ్ళిపోయిందని పిల్లలను బయటికి పంపవద్దు. తుఫాను కన్ను మన మీదుగా పోతున్నప్పుడు అలాగే ప్రశాంతంగా ఉంటుంది. కొంతసేపటికి గాలి వ్యతిరేక దిక్కు నుండి మళ్ళీ అంతే బలంగా వీస్తుంది.

పనిచోట్లలో

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రతి 150 మంది కార్మికులకు తక్కువ కాకుండా ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని, దాని బాధ్యత శిక్షణ పొందిన ఒక వ్యక్తికి అప్పగించాలని, ఆ వ్యక్తి పనివేళలలో ఎప్పుడూ అందుబాటులో ఉండాలని చెప్పింది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతకు సంబంధించిన క్రొత్త కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం పేరు ఏదైనా ఆ మాటలోని వివేకం మారదు. పెట్టెకు ఒక మనిషి ఉండాలి. పది మంది కూడా లేని కార్ఖానాకు, దర్జీ దుకాణానికి, ఇటుకల బట్టీకి ఏ తనిఖీ అధికారీ రాకపోవచ్చు. అయినను గాయానికి చిన్న దుకాణం, పెద్ద ఫ్యాక్టరీ అన్న భేదం లేదు.

ఆయా పనిని బట్టి పెట్టెలో కొన్ని చేర్చుకోవాలి.

రైసు మిల్లులు, రంపపు మిల్లులు, ప్రెస్సులు: వెడల్పాటి కట్లు ఎక్కువగా ఉంచండి. వాటితో పాటు శుభ్రమైన ప్లాస్టిక్ సంచులు. వేలు తెగి ఊడిపోతే, దానిని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి, ఆ సంచిని ఐసు ముక్కల మీద ఉంచి మనిషితో పాటు ఆసుపత్రికి పంపాలి. వేలును నేరుగా ఐసులో వేయకూడదు. సరైన ఆసుపత్రికి త్వరగా చేరితే తిరిగి అతికించే అవకాశం ఉంటుంది.

ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు: ఇక్కడ అమ్మోనియా భయం ఉన్నది. కళ్ళు కడుక్కోవడానికి ధారాళంగా నీరు, ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి తువ్వాళ్ళు, గాలి ఎటు వీస్తున్నదో చూపే గుడ్డ జెండా పైకప్పు మీద ఉండాలి. లీకైనప్పుడు తువ్వాలు తడిపి ముక్కుకు పెట్టుకొని, వాయువు పోయే వైపుకు కాక, గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి, తరువాత గాలికి ఎదురుగా దూరంగా పోవాలి. కళ్ళలో పడితే కనీసం పావుగంట సేపు మంచినీటితో కడుగుతూనే ఉండాలి.

వంటశాలలు, హోటళ్ళు, హాస్టళ్ళు: మంటనార్పే సిలిండరుతో పాటు బాణలిపై సరిపోయే పెద్ద మూత ఒకటి దగ్గర ఉంచుకోండి. నూనె అంటుకొంటే నీళ్ళు పోయరాదు, మంట ఎగిరిపడుతుంది. స్టవ్ ఆపి, మూత పెట్టివేయాలి.

ఎండలో పనిచేసే చోట్లు: ఓ.ఆర్.ఎస్., నీళ్ళు, నీడ, తడిపి కప్పడానికి గుడ్డలు. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్నవారిని, స్పృహ తప్పినవారిని నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయవద్దు.

పెట్టె తెరిచాక

కాలినప్పుడు: కుళాయి నీటి ధార క్రింద ఇరవై నిముషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు, నూనె ఏవీ పూయవద్దు. బొబ్బలు చిదమవద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి పంపండి.

రక్తం కారుతున్నప్పుడు: గాజ్ గుడ్డ పెట్టి అరచేతితో గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆగిందా లేదా అని మాటిమాటికి తీసి చూడవద్దు. తడిసిపోతే దాని మీదనే మరొకటి పెట్టండి. కాఫీపొడి, బూడిద, సున్నం వేయవద్దు.

పాము కరిచినప్పుడు: కోయవద్దు, పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కాలి పట్టీలు, మెట్టెలు తీసివేసి, బద్దలు కట్టి కాలు కదలకుండా చేసి, నడిపించకుండా మోసుకొని, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. మీ చుట్టుప్రక్కల ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే తెలుసుకొని పెట్టె మూత మీద వ్రాసి ఉంచండి.

మూర్ఛ వచ్చినప్పుడు: చేతిలో తాళాలు పెట్టవలసిన పని లేదు. నోట్లో చెంచా పెట్టరాదు. తగిలే వస్తువులు ప్రక్కకు తీసి, తల క్రింద మెత్తని గుడ్డ పెట్టి, ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. ఐదు నిముషాలు దాటితే వెంటనే 108కి ఫోను చేయండి.

కరెంటు షాకు కొట్టినప్పుడు: ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషిని తాకితే రెండవ మనిషి కూడా పోతాడు.

తాళం చెవి ఎవరి దగ్గర?

పెట్టెలు లేని చోట్లు మాత్రమే మమ్మల్ని కలవరపెట్టడం లేదు. పెట్టె ఉండి కూడా అందని చోట్లు ఎక్కువ ఉన్నాయి. బడుల ఆరోగ్య తనిఖీలకు వెళ్ళినప్పుడు 'ప్రథమ చికిత్స పెట్టె ఉందా?' అని అడిగితే 'ఉందండీ' అన్న జవాబే వస్తుంది. 'చూపించండి' అంటే బీరువా తాళం కొరకు వెదుకులాట మొదలవుతుంది. తాళం హెడ్మాస్టరుగారి దగ్గర, వారు మండల ఆఫీసులో మీటింగుకు. చివరికి తెరిస్తే లోపల ఎండిపోయిన ప్లాస్టరు, సగం వాడిన దూది. కట్లు ఎవరో ఇంటికి తీసుకుపోతారనే భయంతో తాళం వేస్తున్నాము అంటారు. రెండు కట్లు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. తాళం తెరిచేలోపల కారిపోయిన రక్తాన్ని కొనుక్కోవడం అంత తేలిక కాదు.

గనుక పెట్టెకు తాళం వద్దు. గొళ్ళెం చాలును. చిన్న పిల్లలకు అందని ఎత్తులో, పెద్దలందరికీ కనిపించే చోట గోడకు తగిలించండి. తీసి వాడితే తెలియాలంటే మూతకు ఒక కాగితపు పట్టీ అంటించండి. పట్టీ చిరిగి ఉంటే ఎవరో తెరిచారని అర్థం, వెంటనే చూసి తగ్గినవి నింపవచ్చు. బాధ్యత ఒకరికి, వారు సెలవులో ఉంటే మరొకరికి ఇచ్చి, ఇద్దరి పేర్లూ పెట్టె మీద వ్రాయండి. నెలకొకసారి లెక్క చూసుకోండి. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఒకసారి, అక్టోబరులో తుఫానుల కాలం ముదరకముందు ఒకసారి సంచులన్నీ విప్పి, గడువు తేదీలు చూసి, తిరిగి సర్దండి.

మూత లోపలి వైపు పెద్ద అక్షరాలతో ఈ నంబర్లు వ్రాయండి: అన్ని అత్యవసరాలకు 112, అంబులెన్సు 108, అగ్నిమాపక దళం 101, పిల్లల సహాయానికి 1098. దగ్గరి ఆసుపత్రి నంబరు కూడా చేర్చండి.

కొందరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మా బడికి డబ్బు లేదు. అన్నీ ఒకేసారి ఎలా కొనగలము?
జవాబు: అన్నీ కొననవసరం లేదు. హాజరు నకలుకు, ఫోను నంబర్ల కాగితానికి, పాత సంచికి, పాత చీరకు ఖర్చు లేదు. ముందు వాటితో మొదలుపెట్టండి. తరువాత నెలకొక వస్తువు చేర్చుకోండి. తల్లిదండ్రుల సమావేశంలో జాబితా చదివి వినిపించండి. ఒకరు టార్చి ఇస్తారు, ఒకరు సబ్బులు ఇస్తారు.

ప్రశ్న: దెబ్బ తగిలినవారిని ముట్టుకొంటే పోలీసు కేసులో ఇరుక్కుంటామేమో?
జవాబు: రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి మంచి మనసుతో సహాయం చేసినవారిని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టంలో కూడా ఈ రక్షణను చేర్చారు. భయపడి నిలబడిపోవద్దు.

ప్రశ్న: డ్రిల్లు చేస్తే పిల్లలు భయపడరా?
జవాబు: చెప్పకుండా చేస్తే భయపడతారు. ముందుగా చెప్పి, ఆటవలె చేయిస్తే నేర్చుకొంటారు. భూమి కంపించినప్పుడు 'వంగు, బల్ల క్రింద దాగు, బల్ల కాలు పట్టుకో' అన్న మాటలు ఒకటవ తరగతి పిల్లలకు కూడా ఒక్కపూటలో వస్తాయి. కంపం ఆగిన తరువాతే వరుసగా బయటికి రావాలి.

ప్రశ్న: శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?
జవాబు: ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తాయి. అగ్నిమాపక కేంద్రం వారిని అడిగితే సిలిండరు వాడే విధానం చూపిస్తారు. ప్రతి బడి నుండి, ప్రతి పనిచోటు నుండి కనీసం ఇద్దరు నేర్చుకోవాలి.

ఈ వారమే చేయండి

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మొదలుపెట్టినట్లు అని మన పెద్దలు అంటారు. ఈ పత్రిక చదివి ప్రక్కన పెట్టకముందు మూడు పనులు చేయండి. మీ బడిలో గాని, మీరు పనిచేసే చోట గాని ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ ఉందో చూడండి. అది తాళం లేకుండా తెరుచుకొంటుందో లేదో చూడండి. తెరిచి లోపల ఉన్నవాటిని ఒక కాగితం మీద వ్రాయండి. ఆ కాగితాన్ని మా అవుట్ పేషెంటు విభాగానికి తీసుకొని వస్తే ఏమి చేర్చాలో, ఏమి తీసివేయాలో మా నర్సులు గుర్తుపెట్టి ఇస్తారు.

మా దగ్గరకు వచ్చినవారికి చేయగలిగినదంతా మేము చేస్తాము. వారు మా దగ్గరకు ప్రాణాలతో చేరడం మాత్రం చాలాసార్లు మీ చేతిలోనే ఉన్నది.